బెజవాడను ముంచింది కృష్ణ కాదు

2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తుందా? టీవీ పెడితే ప్రకాశం బ్యారేజీ, వాట్సాప్ తెరిస్తే ప్రకాశం బ్యారేజీ. 11.43 లక్షల క్యూసెక్కుల వరద... బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. పైగా కొట్టుకొచ్చి గేట్లను గుద్దిన పడవలు. అందరూ కృష్ణమ్మ వైపే చూస్తుంటే ఊరు వెనకవైపు నుంచి మునిగింది. ముంచింది బుడమేరు.

సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్ నగర్‌లో గ్రౌండ్‌ఫ్లోర్‌లో అద్దెకుండే మా పిన్ని ఫోన్ చేసింది. “ఒరేయ్, వాన తగ్గిందిరా. నీళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి” అంది. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. పై వాటా వాళ్లు మెట్ల మీదకు లాక్కెళ్లారని మాకు తెలిసింది రెండు రోజులకి. వాన తగ్గితే నీళ్లు ఎందుకు పెరిగాయి? అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి, బెజవాడ పక్కగా పారి, కొల్లేరులో కలుస్తుంది. వరద ఊరిమీద పడకుండా వెలగలేరు దగ్గర ఒక రెగ్యులేటర్ కట్టారు. గేట్లు మూసి ఉంచితే నీళ్లు డైవర్షన్ కాలవలోకి మళ్లి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. గేట్లు ఎత్తితే పాత దారిలో ఊరి వైపు వస్తాయి.

బానే ఉంది కదా? కానీ కృష్ణే నిండుగా పారుతుంటే? కాలవ నీళ్లకి కలిసే చోటు ఉండదు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ రోజు జరిగింది అదే. పైన కుండపోత, కింద నిండు కృష్ణ. గేట్లు ఎత్తక తప్పలేదు. దానికితోడు డైవర్షన్ కాలవ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ కూడా దిగి, మూడో గండి పూడ్చేసరికి 7వ తేదీ వచ్చింది.

మా సాఫ్ట్‌వేర్‌లో మెయిన్ సర్వర్ పడిపోతే ఆదుకోడానికి బ్యాకప్ పెడతాం. రెండూ ఒకే కరెంటు లైను మీద ఉంటే అది బ్యాకప్ కాదు. బుడమేరుకి కృష్ణ అలాంటి బ్యాకప్పే. రెండు చోట్లా ఒకేసారి వాన పడితే పని చేయదు. ఇక మిగిలింది ఏటి పాత దారి. అదేమో ఇళ్లతో, పూడికతో ఇరుకైపోయింది. మామూలు రోజుల్లో చూస్తే మురుగుకాలవ అనుకుంటాం. 2005లోనూ ఇదే ఏరు ఊరిని ముంచింది.

దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. కొన్ని కాలనీల్లో వారం దాటినా నీళ్లు తగ్గలేదు. డ్రోన్లతో భోజనం పొట్లాలు వేశారు. మునిగిన గ్రౌండ్‌ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రభుత్వం సాయం ప్రకటించింది. కానీ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయిన ఇంటికి 25 వేలు ఏ మూలకి? పైగా గ్రౌండ్‌ఫ్లోర్లో ఉండేది ఎక్కువగా ఆటో నడిపేవాళ్లు, టిఫిన్ బండి వాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు. వాళ్లకి ఇల్లే షాపు, ఇల్లే గోడౌన్.

కాలవ వెడల్పు చేయించడం, కట్ట గట్టి చేయించడం మన చేతిలో పని కాదు, అడగడం మాత్రం మన చేతిలోదే. ఈలోగా మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇల్లు అద్దెకు చూసేటప్పుడు లిఫ్టు, పార్కింగ్‌తో పాటు “2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి?” అని పక్కింటివాళ్లని అడగండి. ఓనర్ చెప్పకపోయినా గోడ మీద చార చెప్తుంది. సర్టిఫికెట్లు స్కాన్ చేసి డిజిలాకర్లోనో, మెయిల్లోనో దాచుకోండి. బండికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు, కాంప్రహెన్సివ్ ఉండాలి. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. నీళ్లు లాగి ఇంజిన్ పోతుంది, క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. అద్దెకున్నవాళ్లు కూడా ఇంట్లో సామానుకి ఇన్సూరెన్స్ చేయించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు, మీ వీధి చివరున్న ‘మురుగుకాలవ’ అసలు పేరేంటో కనుక్కోండి. దానికో పేరుంటే, అది ఒకప్పుడు వాగో ఏరో అయ్యుంటుంది. వానాకాలం వస్తే మళ్లీ అవుతుంది.