టాప్ టెన్ పర్సెంట్ నియమం: ఎందుకు వచ్చింది, మన పిల్లలు ఏం తెలుసుకోవాలి?



టెక్సస్‌లో హైస్కూల్ పిల్లలున్న తల్లిదండ్రులు మన ఆలయ విద్యా విభాగం వాలంటీర్లను తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా అమ్మాయికి అన్నీ ఏ గ్రేడులే. అయినా ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ రాదట. ఎక్కడో చిన్న ఊరి స్కూల్లో ఇంతకన్నా తక్కువ స్కోరు ఉన్నవాళ్లకి వస్తుందట. ఇదేం న్యాయం?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ నియమం ఎలా పుట్టిందో తెలియాలి.

నియమం వెనుక కథ

1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. దాంతో నల్లజాతి, లాటినో విద్యార్థులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో చోటు తగ్గిపోతుందన్న ఆందోళన మొదలైంది. మరోపక్క, ఆస్టిన్ సీట్లలో పెద్ద భాగం కొద్దిపాటి హైస్కూళ్లకే వెళ్లేది. రియో గ్రాండ్ లోయలోనో, పశ్చిమ టెక్సస్‌లోనో ఉన్న ఎన్నో స్కూళ్ల నుంచి ఏళ్ల తరబడి ఒక్కరు కూడా అక్కడికి చేరేవారు కాదు.

1997లో ఇర్మా రాంగెల్ అనే శాసనసభ్యురాలు తెచ్చిన హౌస్ బిల్ 588 మీద అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేశారు. తన హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్న విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయమని ఆ చట్టం చెప్పింది. ఇందులో జాతి ప్రసక్తి లేదు. పిల్లల్ని పోల్చేది సొంత స్కూల్లోని తోటివారితోనే.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టింది పల్లెటూరి పిల్లల కోసమే. బాసరలో పదో తరగతి మెరిట్ ఆధారంగా సీట్లు ఇస్తారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి కొంత అదనపు స్కోరు కలిపి మెరిట్ జాబితా వేస్తారు. ట్యూషన్లు, కోచింగులు లేకుండా తెచ్చుకున్న మార్కుకు కాస్త ఎక్కువ బరువుందని దాని అర్థం. టెక్సస్ నియమం చెప్పేదీ అదే.

మనలో చాలామందిమి ఇల్లు కొనేటప్పుడు ముందు స్కూల్ రేటింగ్ చూశాం. ఆ స్కూళ్లలో ఏపీ క్లాసులు, రోబోటిక్స్ క్లబ్బులు, మంచి కౌన్సిలర్లు ఉన్నారు. ఫిజిక్స్ టీచరే దొరకని స్కూల్లో మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయికి అవేవీ లేవు. ఆమెకు తెరిచిన తలుపు మన పిల్లల నుంచి లాక్కున్నది కాదు. ఆ తలుపు పక్కన మన పిల్లలకు ఇంకా దారులున్నాయి.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

ఆస్టిన్‌కు తాకిడి పెరగడంతో 2009లో చట్టం మార్చారు. టెక్సస్ విద్యార్థులకు కేటాయించిన సీట్లలో 75 శాతం వరకే ఆటోమేటిక్‌గా నింపితే చాలన్నారు. అందుకే అక్కడ కటాఫ్ 10 శాతం కన్నా తక్కువ. 2019 నుంచి అది 6 శాతం, 2026 ఫాల్‌లో చేరేవారికి 5 శాతం. మిగతా సీట్లకు వ్యాసాలు, కోర్సులు, టెస్ట్ స్కోర్లు, ఇతర వ్యాపకాలు అన్నీ కలిపి చూస్తారు. మొదటి 5 శాతంలో లేకపోతే ఆస్టిన్ పూర్తిగా మూసుకుపోయినట్టు కాదు.

ఇక్కడ చాలా కుటుంబాలు గమనించని సంగతి ఒకటుంది. ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గానీ మేజర్‌కు కాదు. ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ సీట్లకు పోటీ వేరే ఉంటుంది. కాబట్టి ర్యాంకు వచ్చినవారు కూడా అప్లికేషన్ శ్రద్ధగా రాయాలి.

ఇంకో షరతు కూడా ఉంది. ర్యాంకుతో పాటు 'డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్' పూర్తి చేసే దారిలో ఉండాలి. దీనికి ఆల్జీబ్రా 2తో కలిపి నాలుగు మ్యాథ్ క్రెడిట్లు, నాలుగు సైన్స్ క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంట్ కావాలి. తొమ్మిదో తరగతిలో కోర్సులు ఎంచుకునేటప్పుడే కౌన్సిలర్‌ను అడగండి.

మరో దారి కమ్యూనిటీ కాలేజీ. 42 క్రెడిట్ల కోర్ కరికులమ్ అక్కడ పూర్తిచేస్తే రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని ఒప్పుకోవాలి. ఫీజు చాలా తక్కువ. రెండేళ్ల తర్వాత ట్రాన్స్‌ఫర్ అయినా చేతికొచ్చేది యూనివర్సిటీ డిగ్రీయే. దీన్ని చిన్నతనంగా చూడనక్కర్లేదు.

డబ్బు సంగతి

'మేం హెచ్1బీ మీద ఉన్నాం, మాకు ఎయిడ్ రాదు' అని ఫాఫ్సా నింపకుండా వదిలేసే కుటుంబాలున్నాయి. ఫాఫ్సాకు చూసేది విద్యార్థి పౌరసత్వం. ఇక్కడ పుట్టిన మీ బిడ్డ అమెరికా పౌరుడు, తల్లిదండ్రుల వీసా ఏదైనా అప్లై చేయవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని తల్లి గానీ తండ్రి గానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో అకౌంట్ తెరిచి తమ భాగం నింపవచ్చు. హెచ్4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. టెక్సస్ రెసిడెంట్‌గా గుర్తింపు వస్తుందా, టాఫ్సా అనే రాష్ట్ర ఫారం నింపవచ్చా అని యూనివర్సిటీని లిఖితపూర్వకంగా అడగండి. 21 ఏళ్లకు హెచ్4 ముగుస్తుంది కాబట్టి ఈ సంగతి చివరి సంవత్సరం దాకా ఆపవద్దు.

యూటీ సిస్టమ్ యూనివర్సిటీలన్నిటిలో 2025 ఫాల్ నుంచి, కుటుంబ ఆదాయం లక్ష డాలర్లు దాటని టెక్సస్ విద్యార్థులకు ట్యూషన్, తప్పనిసరి ఫీజుల భారం లేకుండా చేసే పథకం ఉంది. ఫుల్‌టైమ్ చదవాలి, ఎయిడ్ ఫారం నింపాలి. ఉద్యోగం పోయిన కుటుంబాలకు, ఒక్కరి జీతం మీద నడిచే ఇళ్లకు ఇది పెద్ద ఆసరా. మన ఆలయంలో అలాంటి కుటుంబాలు లేవనుకోవద్దు. అడగడానికి మొహమాటపడుతున్నారంతే.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఒకే క్లాసులో వంద మంది మంచి విద్యార్థులుంటే అందరూ మొదటి ఐదుగురిలో ఉండలేరు. దశాంశ స్థానాల్లో తేడా వచ్చిన ర్యాంకు కోసం పిల్లల నిద్ర, ఆరోగ్యం పణంగా పెట్టవద్దు. యూటీ డాలస్, హ్యూస్టన్, ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్ నుంచి వచ్చిన ఇంజినీర్లతో మనం రోజూ పనిచేస్తూనే ఉన్నాం.

ఫారాలు నింపడంలో సాయం కావాలంటే ఆదివారం తెలుగు తరగతుల తర్వాత విద్యా విభాగం టేబుల్ దగ్గరికి రండి. మీ వివరాలు బయటికి పోవు. మీకు తెలిసిన కుటుంబం, సభ్యులు కాకపోయినా సరే, వెంట తీసుకురండి.