ఉప్పెనతో కాపురం

నెదర్లాండ్స్‌లోని డెన్ హెల్డర్ రేవు మొదలు జర్మనీ తీరం మీదుగా డెన్మార్క్ పడమటి అంచు వరకు సుమారు 500 కిలోమీటర్ల మేర పరచుకున్న వాడెన్ సముద్రం, పోటు వేళ నీరుగానూ ఆటు వేళ బురదమేటగానూ రోజుకు రెండేసి సార్లు రూపు మార్చుకుంటుంది. 2009 నుంచి విడతలుగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ తీరం, రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ల రాతల్లో కనిపించే ఫ్రిజియన్ల నేల. దేవుడు సముద్రాన్ని సృష్టిస్తే తీరాన్ని ఫ్రిజియన్ సృష్టించాడని ఇక్కడ ఒక పాత నానుడి ఉంది. అందులోని గర్వం న్యాయమైనదే అయినా, తీరాన్ని నిలబెట్టిన చేతులే దాన్ని కుంగదీసిన వైనం కూడా ఈ చరిత్రలో విడదీయరాని భాగం.

కరకట్టలు పుట్టక ముందు ఈ ప్రజలకు ఉన్న రక్షణ మెరక ఒక్కటే. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం ప్రాంతం నుంచి వారు బంకమట్టి, పశువుల పేడ, ఇంటి చెత్త కలిపి పొరలు పొరలుగా దిబ్బలు పోసుకుని వాటిపై ఇళ్లు కట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో టెర్ప్ అనీ, జర్మనీ వైపు వార్ఫ్ట్ అనీ పిలిచే ఈ దిబ్బల్లో హోగెబేంటుమ్ గ్రామంలోనిది సముద్రమట్టానికి దాదాపు 9 మీటర్ల ఎత్తున ఉంది. ఫ్రిజియన్లకు తూర్పున ఇలాగే బతికిన చౌకీ తెగ వారిని స్వయంగా చూసిన రోమన్ రచయిత ప్లినీ, వారు వాననీరు గోతుల్లో పట్టుకుని తాగుతారనీ, మట్టిని గాలికి ఎండబెట్టి వంటచెరకుగా వాడతారనీ జాలిపడుతూ రాశాడు. పోటు మోసుకొచ్చే ఒండ్రు ఆ పచ్చికబయళ్లకు ఎంతటి బలమో అతనికి కనిపించినట్టు లేదు. దిబ్బల మట్టి ఎంత సారవంతమైనదంటే, 19వ శతాబ్దంలో జనం వాటినే తవ్వి పొలాలకు ఎరువుగా అమ్ముకున్నారు.

క్రీ.శ. 1000 తర్వాత కరకట్టల కాలం మొదలైంది. కట్ట లోపలి బురదనేల నీరు కాల్వల ద్వారా బయటికి పోయి సాగుకు వచ్చిందిగానీ, నీరు ఇంకిపోయిన నేల ఏటేటా కుంగింది. సముద్రపు ఒండ్రు అందక తిరిగి పెరగలేదు. జర్మనీ తీరంలోని ఉత్తర ఫ్రిజియాలో దీనికి ఉప్పు తయారీ తోడైంది. బంకమట్టి పొర కింద, వేల ఏళ్లుగా కుళ్లిన మొక్కలతో ఏర్పడి ఉప్పునీటిలో నానిన పీట్ అనే నల్లని నేల ఉంటుంది. దాన్ని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదను సముద్రపు నీటిలో కలిపి వడగట్టి కాచితే ఉప్పు దిగుతుంది. ఆ వ్యాపారం సిరిని తెచ్చింది, తవ్విన మేర నేలను పల్లం చేసింది. 1362 జనవరి 16 నాటి ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే వర్తక పట్టణం చుట్టుపక్కల ఊళ్లతో సహా మునిగిపోయింది. తరతరాలుగా కథల్లోనే బతికిన ఆ ఊరికి చెందిన పెద్ద చర్చి పునాదులను 2023లో జర్మన్ పరిశోధకులు స్యూడ్‌ఫాల్ దీవి సమీపంలోని బురద కింద గుర్తించారు.

కట్ట ఒకరి వల్ల నిలిచేది కాదు కనుక, భూమి ఉన్న ప్రతి రైతుకూ దానిలో ఒక వంతు ఉండేది. తన వంతు మరమ్మతు చేయలేనివాడు కట్టమీద పార గుచ్చి వెళ్లిపోవాలి, ఆ పారను పెరికినవాడికి పొలమూ కట్ట బాధ్యతా రెండూ దక్కుతాయి. పార చట్టమని పేరుపడ్డ ఈ కట్టుబాటు మామూలు రోజుల్లో ఊరినంతటినీ కాపాడింది. విపత్తులో మాత్రం ఎంత కఠినంగా పరిణమించగలదో ఉత్తర ఫ్రిజియాలోని స్ట్రాండ్ దీవి చరిత్ర చెబుతుంది. 1634 అక్టోబరు 11 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ ఒక్క దీవిలోనే 6,000 మందికి పైగా చనిపోయారు, దీవి నార్డ్‌స్ట్రాండ్, పెల్‌వోర్మ్ అనే ముక్కలుగా చీలింది. నార్డ్‌స్ట్రాండ్‌లో మిగిలినవారికి కట్టలు తిరిగి పోసే శక్తి లేకపోవడంతో, 1652లో అక్కడి పాలకుడు డ్యూక్ ఫ్రెడరిక్ మునిగిన భూములను డచ్ కట్టల నిర్మాతలకు రాసిచ్చాడు. కుటుంబాలను పోగొట్టుకున్నవారు ఆ విధంగా భూమినీ పోగొట్టుకున్నారు. వారి ఫ్రిజియన్ మాండలికం కూడా కాలక్రమంలో అంతరించింది. జరిగిన నష్టాల్లో అన్నిటికన్నా అన్యాయమైనది భూమిని కోల్పోవడమేననిపిస్తుంది, ఎందుకంటే అది నీటి వల్ల కాక శాసనం వల్ల జరిగింది.

భూమి నిలకడలేని చోట జనం సముద్రాన్నే నమ్ముకున్నారు. ఉత్తర ఫ్రిజియాలోని ఫ్యోర్ దీవి మగవారు 17, 18 శతాబ్దాల్లో తిమింగలాల వేటకు ఉత్తర ధ్రువ జలాలకు వెళ్లేవారు. 373 తిమింగలాలను పట్టిన కెప్టెన్ మథియాస్ పేటర్సన్ సమాధి రాతిపై ఆ లెక్క లాటిన్‌లో నేటికీ చెక్కి ఉంది. డచ్ వైపు మోడర్‌గాట్ జాలరి పల్లెకు 1883 మార్చి తుపాను వేరే లెక్క మిగిల్చింది: పొరుగు పల్లెతో కలిపి 22 పడవలు వెళ్తే 17 తిరిగి రాలేదు, 83 మంది మునిగిపోయారు.

పాత బతుకు తీరు ఇప్పటికీ కనిపించేది ఉత్తర ఫ్రిజియాలోని హాలిగ్‌లలో. పెద్ద కరకట్టల రక్షణ లేని ఈ పది చిన్న దీవులు, వరద గోదావరిలో లంకల మాదిరిగా, శీతకాలపు తుపానులకు మునుగుతాయి. వార్ఫ్ట్‌లు మాత్రం ఇళ్లతో, పశువులతో నీటి మధ్య తేలి కనిపిస్తాయి. సంప్రదాయ హాలిగ్ ఇంట్లో పైకప్పు బరువును మోసేవి గోడలు కావు, దిబ్బలోకి లోతుగా పాతిన ఓక్ స్తంభాలు. అలలు ఇటుక గోడలను కోసుకుపోయినా అటకమీద తలదాచుకున్నవారితో కప్పు నిలిచి ఉండాలన్నది అందులోని ఆలోచన. దిబ్బ నడుమ ఫేథింగ్ అనే గుంటలో పశువుల కోసం వాననీరు నిలవ చేసేవారు, తీరాంధ్రలో దొరువు తెలిసినవారికి దాని విలువ తెలుస్తుంది. ఒక్క ఉప్పెన చాలు, ఏడాది నీరు ఉప్పగా మారడానికి. 1962 ఉప్పెన తర్వాత ఇళ్లలో, ఇల్లంతా కొట్టుకుపోయినా నిలిచే కాంక్రీటు స్తంభాల గదులు కట్టారు.

సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో హాలిగ్‌లపై చర్చ ముంపును ఆపడం చుట్టూ మాత్రమే తిరగడం లేదు. ప్రతి ముంపూ ఒక పలుచని ఒండ్రు పొరను వదిలి వెళ్తుంది కనుక, నీటిని పూర్తిగా అడ్డుకుంటే ఆ దీవులు పెరగడం ఆగిపోతుంది. అడ్డుకోకపోయినా, పెరిగే సముద్రంతో సమానంగా ఆ పొరలు లేవడం లేదు. అందుకే కొన్ని వార్ఫ్ట్‌లను మట్టి పోసి మళ్లీ ఎత్తు చేస్తూ, వెడల్పు పెంచుతూ, చుట్టూ ఉన్న పచ్చికను మాత్రం పోటుకే విడిచిపెడుతున్నారు.