చపాతీ రోల్: పొర పలచన, కూర నిండుగా

దీపాలు పెట్టే వేళకు బందరు కోనేరు సెంటరుకు వెళ్ళినా, గుడివాడ బస్టాండు దగ్గర దిగినా, దివిసీమలో అవనిగడ్డ దాకా పోయినా ముక్కుకు తగిలేది ఒకే వాసన. కాలిన పెనం మీద కోడిగుడ్డు చిటపటలాడుతూ ఉంటుంది. దాని మీద మైదా రొట్టె పడుతుంది. ఉల్లిపాయ ముక్కలూ, ఎర్రటి సాసూ వేసి, చాప చుట్టినట్టు చుట్టి చేతికిస్తారు. పునుగులు, మిరపకాయ బజ్జీల సరసన ఈ రోల్ కూడా మన సాయంత్రాల్లో చోటు సంపాదించుకుంది.

ఇక మీ ఇంటి సంగతి చూడండి. అబ్బాయికి రోల్ కావాలి. వాళ్ళ నాన్నగారికి షుగరు, రాత్రి పూట చపాతీలే. నాయనమ్మగారికి రక్తపోటు, పైగా పళ్ళు సరిగా లేవు. అందరికీ వండి పెట్టి, మిగిలినదేదో తిని పడుకునే మీకేమో రక్తం తక్కువ. ఒక్క పొయ్యి మీద నాలుగు రకాలు వండలేక పిల్లవాడి చేతిలో డబ్బులు పెట్టి బండి దగ్గరకు పంపేస్తారు. అలా పంపనక్కరలేదు. ఒకే పిండితో, ఒకే పెనం మీద నలుగురికీ పనికివచ్చే రోల్ ఇంట్లోనే చేసుకోవచ్చు. సూత్రం ఒక్కటే: పొర పలచన, కూర నిండుగా.

కలకత్తా నుంచి మన వీధికి

ఇది మన డెల్టాలో పుట్టిన వంట కాదు. కలకత్తాలో 1932లో మొదలైన నిజామ్స్ హోటలు, పరోటాలో కబాబు పెట్టి చుట్టి ఇచ్చే కాఠీ రోల్‌కు పేరు తెచ్చింది. కాఠీ అంటే పుల్ల, మాంసం ముక్కలు గుచ్చి కాల్చే పుల్ల. బొంబాయిలో అమర్‌జీత్ సింగ్ టిబ్ అనే ఆయన, బీరూట్‌లో తిన్న రొట్టె చుట్టను గుర్తుపెట్టుకుని 1969లో ఫ్రాంకీ అమ్మడం మొదలుపెట్టారు. వెస్టిండీస్ క్రికెట్ ఆటగాడు ఫ్రాంక్ వారెల్ పేరే దానికి పెట్టారు. కంచం అక్కరలేదు, కూర్చోనక్కరలేదు, నడుస్తూ తినవచ్చు. రొట్టె, కూర, మాంసకృత్తులు ఒకే చోట ఉండే ఆహారం కనుక ఆలోచన మంచిదే. లోపల కూర తగ్గి, పైన మైదా, నూనె పెరిగినప్పుడే అది చెడింది.

బండి మీది రోల్‌లో ఏముంది?

బండి పెట్టుకుని బతికేవాళ్ళను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. శుభ్రంగా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా కొన్ని లెక్కలు మీకు తెలియాలి.

పరోటాకు 80 గ్రాముల మైదా తీసుకున్నారనుకోండి. దానికే దాదాపు 280 కేలరీలు. అది పొరలు పొరలుగా రావడానికి, పెనం మీద కాలడానికి రెండు పెద్ద చెంచాల నూనె పట్టిందంటే మరో 270. కూర పెట్టకముందే 550 కేలరీలయ్యాయి. గోధుమ గింజ పైపొట్టు తీసేస్తారు కనుక మైదాలో పీచుపదార్థం బాగా తక్కువ. అందువల్ల తిన్న కాసేపటికే మళ్ళీ ఆకలి వేస్తుంది.

రెండవది మయోనైజు. ఇది పచ్చి గుడ్డుసొననూ నూనెనూ గిలకొట్టి చేసే తెల్లటి ముద్ద. పొయ్యి ముఖం చూడని ఆ గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే తిన్నవారికి వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకుంటాయి. అందుకే పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది.

మూడవది చుట్టి ఇచ్చే కాగితం. వేడి వేడి నూనె రొట్టెను వార్తాపత్రికలో చుడితే సిరాలోని రసాయనాలు, సీసం వంటి లోహాలు ఆహారంలోకి దిగుతాయి. ఈ పద్ధతి మానుకోవాలని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2023 సెప్టెంబరులో అమ్మేవారికీ, కొనేవారికీ కూడా చెప్పింది. పత్రిక చదవడానికి, తినడానికి కాదు. ఇంట్లో బజ్జీల నూనె పీల్చడానికి కూడా దాన్ని వాడకండి.

నాలుగవది పచ్చి ఉల్లిపాయ, క్యాబేజీ. కోసి గంటల తరబడి బయట ఉంచినా, మంచినీళ్ళు కాని నీళ్ళతో కడిగినా విరేచనాలకూ, టైఫాయిడుకూ, ఒక రకం కామెర్లకూ దారి ఇచ్చినట్టే. వానాకాలంలో ఈ భయం మరీ ఎక్కువ.

చపాతీ మందు కాదు

వరి పండే సీమ మనది. చపాతీ చాలా ఇళ్ళలోకి డాక్టరుగారి చీటీతో పాటే వచ్చింది. అందుకని దాన్ని మందులా చూస్తాం. "అన్నం మానేశానండీ, రాత్రికి నాలుగు చపాతీలే" అంటారు. లెక్క వేద్దాం. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలు నాలుగు తింటే దాదాపు 75 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది. 150 గ్రాముల అన్నంలో ఉండేది 40 గ్రాముల పైచిలుకు. ఇక చపాతీలోకి బంగాళాదుంప కూర అయితే పిండిలో పిండి పెట్టుకుని తిన్నట్టే. గోధుమ మంచిదే, అందులో పీచు ఉంది. అయితే రక్తంలో చక్కెర పెరగడం ధాన్యం పేరును బట్టి కాదు, ఎంత తిన్నారు, దానితో పాటు ఏం తిన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా కట్టింది. కనుక ఇది ఒకరిద్దరి ఇంటి గొడవ కాదు. రోల్‌లో ఉన్న మేలు ఇక్కడే ఉంది. పప్పు, గుడ్డు, రొయ్య, కూరగాయలు రొట్టె లోపల నిండుగా ఉంటే ఒకటి రెండింటితో కడుపు నిండుతుంది. నాలుగో చపాతీ మీదికి చెయ్యి పోదు.

పిండి కలపడం

ఎనిమిది రోల్స్‌కు 250 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల శనగపిండి, అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల పెరుగు తీసుకోండి. గోరువెచ్చని నీళ్ళతో మామూలు చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా కలపండి. తడిబట్ట కప్పి అరగంట ఉంచండి. ఈ అరగంట తప్పించకండి. పిండి నానకపోతే రొట్టె చుట్టేటప్పుడు విరుగుతుంది.

పెద్ద నిమ్మకాయంత ముద్దలు చేసి ఎనిమిది అంగుళాల వెడల్పున పలచగా ఒత్తండి. పెనం బాగా కాలనివ్వండి. సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉంచితే తేమ ఆరిపోయి రొట్టె అప్పడమవుతుంది. పెద్ద సెగ మీద రెండు వైపులా గబగబా కాల్చి, ఒక చిన్న చెంచా నూనె అద్ది, శుభ్రమైన గుడ్డలో ఒకదానిమీద ఒకటి పేర్చి మూసిపెట్టండి. ఆ ఆవిరికే మెత్తబడతాయి. ఇలా చేసిన రొట్టె ఒక్కొక్కటి, నూనెతో కలిపి, దాదాపు 165 కేలరీలు. పెద్ద నిమ్మకాయంత ముద్దకు గుప్పెడు కూర, ఇదే కొలత.

మూడు రకాల కూరలు

పెసల కూర: మన డెల్టాలో వరి కోసిన మాగాణిలో మినుములూ పెసలూ వేస్తారు. ఇంట్లో ఉండే సరుకే. 150 గ్రాముల పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో కట్టి మొలకెత్తించండి. మొలకలు పచ్చివే వాడవద్దు. తేమలో సూక్ష్మజీవులు కూడా మొలకలతో పాటే పెరుగుతాయి. పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, సన్నగా తరిగిన క్యారెట్టు, దొండకాయ లేదా బీన్సు, గుప్పెడు మునగాకు, అల్లం, పచ్చిమిర్చి వేసి రెండు చెంచాల నూనెలో మగ్గించండి. దించాక నిమ్మకాయ పిండండి. నిమ్మరసంలోని సి విటమిను పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు పోతుంది, గంటైనా ఆగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కనుక ఈ రోల్‌ను అందరికీ పెట్టి చివర్న తినకుండా, మీరూ వారితో కూర్చుని తినండి.

గుడ్డు రోల్: గిన్నెలో ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, ఉల్లి, కొత్తిమీర వేసి గిలకొట్టి పెనం మీద పలచగా పోయండి. అది పచ్చిగా ఉండగానే కాల్చిన రొట్టెను పైన అద్ది, గుడ్డు గట్టిపడ్డాక తిరగేయండి. పచ్చిసొన ఎక్కడా మిగలకూడదు. గుడ్డుతో ఆరు గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. లోపల ఉడికిన కూరగాయలు పెట్టి చుట్టండి. పళ్ళు లేని పెద్దవారికి ఇది మెత్తగా ఉంటుంది.

రొయ్యల రోల్: నాగాయలంక వైపు నుంచి వచ్చిన తాజా రొయ్యలు దొరికితే 400 గ్రాములు శుభ్రం చేసి, వీపు మీది నల్లనరం తీసి, పసుపు, అల్లంవెల్లుల్లి, కారంతో మగ్గించండి. రంగు మారి వంపు తిరిగాక నీరు ఇగిరేదాకా ఉంచితే చాలు, ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగుతాయి. ఉడికించిన గోంగూర ఒక చెంచా కలిపితే సాసు అడగరు. రొయ్య తింటే దురద, పెదవుల వాపు వచ్చేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు గోంగూర మానండి.

మయోనైజుకు బదులు గట్టి పెరుగును పలచటి గుడ్డలో గంటసేపు వేలాడదీయండి. నీరు కారిపోయాక వేయించిన నువ్వులపొడి, వెల్లుల్లి, కొత్తిమీర కలపండి. పిల్లలు తేడా పట్టరు. టొమాటో సాసులో చక్కెర, ఉప్పు రెండూ ఉంటాయి కనుక ఒక చెంచాకు మించనీయకండి.

చేతులు, గడియారం

పిండి కలిపే వేలి మీద పుండు గానీ, తెగిన గాయం గానీ ఉంటే ఆ రోజు ఇంకొకరిని కలపమనండి. పుండులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఆహారంలో విషం పుట్టిస్తుంది. కూరను మళ్ళీ వేడిచేస్తే సూక్ష్మజీవి చస్తుంది గానీ ఆ విషం పోదు. వండిన కూరను మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఉక్కపోతలో ఈ మాట మరీ గట్టిగా పాటించాలి. అందువల్ల బడికి కట్టే బాక్సులో గుడ్డు, రొయ్య, పెరుగు వద్దు. రొట్టెకు కాస్త నెయ్యి రాసి, వేరుశనగ, నువ్వుల పొడి తేమ లేకుండా చల్లి చుట్టి ఇవ్వండి. కూర రోల్ సాయంత్రం ఇంటికి వచ్చాక వేడిగా పెట్టండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

షుగరు ఉన్నవారు ఒక రోల్, పక్కన గిన్నెడు కూరగాయలతో మొదలుపెట్టండి. అయితే ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడేవారు రాత్రి భోజనాన్ని ఒక్కసారిగా సగం చేయవద్దు. చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. ముందు మీ డాక్టరుతో చెప్పి మార్చుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో కూడా డాక్టరునే అడగాలి.

రక్తపోటు ఉన్నవారికి రోజంతా కలిపి ఒక చిన్న చెంచా, అంటే ఐదు గ్రాముల ఉప్పు చాలు. ఆవకాయ, ఎండుచేప, ఎండురొయ్యలు రోల్‌లో పెడితే ఆ కోటా ఒక్క పూటలోనే అయిపోతుంది. నాయనమ్మగారి వంతు కూర ఉప్పు వేయకముందే పక్కకు తీసి, నిమ్మరసం ఎక్కువ పిండండి. ఉప్పు లోటు అంతగా తెలియదు.

గోధుమ పడనివారు ఉంటారు. వారికి రోల్ లేదా అంటే, అది మన ఇంట్లో ముందు నుంచీ ఉంది. పెసరట్టులో ఉప్మా పెట్టి మడవడం మనకు ఎవరూ నేర్పలేదు. ఆ ఉప్మా తీసేసి, దాని చోట ఉడికిన కూరగాయలో, గుడ్డు పొరటో పెట్టండి. పొరలోనూ పప్పే, లోపలా బలమే.

ఈ ఆదివారం సాయంత్రం పిండి మీరు కలపండి, ఒత్తే పని నాన్నగారికి, చుట్టే పని పిల్లలకు అప్పగించండి. తాను చుట్టిన రోల్‌లో మునగాకు ఉన్నా పిల్లవాడు వంక పెట్టడు. బండి దగ్గరకు నెలకు ఒకసారి వెళ్ళినా ఫరవాలేదు. వెళ్ళినప్పుడు మయోనైజు వద్దని, పత్రికలో చుట్టవద్దని, కళ్ళ ముందే కాల్చి ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి.