గలగలమంటేనే మంచి మిరప

సంక్రాంతి దాటి ఎండలు ముదిరితే చాలు, ముత్తుకూరు మండలం కృష్ణపట్నం చుట్టుపక్కల ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలన్న ఆలోచన మొదలవుతుంది. చేపల పులుసుకు రంగూ కావాలి, ఘాటూ కావాలి. ఇంటి అవసరానికి నాలుగు సాళ్లు వేసుకున్న రైతయినా, సంతలో కొనుక్కునే వారైనా కొన్ని మెలకువలు పాటించకపోతే డబ్బూ పోతుంది, ఆరోగ్యమూ చెడుతుంది.

పచ్చికాయ కోస్తే పండదు

మిరప అరటి, మామిడి లాంటిది కాదు. బాగా పచ్చిగా కోసిన కాయను గడ్డిలో కప్పినా సరిగా పండదు, వాడిపోయి ముడతలు పడుతుంది. చెట్టు మీదే రంగు తిరిగిన కాయ మాత్రం కోశాక కూడా ఎర్రబడుతుంది. కాయలోని ఆకుపచ్చ రంగు విరిగి, క్యాప్సాంథిన్ వంటి ఎర్ర రంగులు తయారవడమే పండడమంటే. రంగు తిరిగిన కాయల్ని నీడలో ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే ఒకే రంగుకు వస్తాయి. అంతకు మించితే ఆవిరి పట్టి కుళ్లుతాయి. సగం పండినవి నేరుగా ఎండలో పోస్తే రంగు తేలి తాలుకాయలవుతాయి.

ఘాటు గింజలో ఉందనుకుంటారు చాలామంది. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది.

సముద్రపు గాలితో జాగ్రత్త

తీరంలో గాలి తేమగా ఉంటుంది. పగలు ఎండిన కాయ రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది. అందుకని పొద్దు వాలకముందే కాయల్ని కుప్ప చేసి పట్టా కప్పాలి. లారీలు తిరిగే రోడ్డు పక్కన, ఇసుక నేల మీద ఆరబోయొద్దు. నాలుగు కిలోల పండుకాయలకు సుమారు కిలో ఎండుకాయలు వస్తాయి.

ఎండుకాయలో తేమ 10-11 శాతం మించకూడదు. 20 శాతం తేమ ఉన్న కాయలు పది కిలోలు కొంటే అందులో సుమారు కిలో నీళ్లకే డబ్బు పోసినట్టు. పైగా బూజు పడుతుంది. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పులుసులో మరిగించినా పోదు.

కొనేటప్పుడు

గుప్పెడు కాయలు తీసి ఊపి చూడండి. గింజలు గలగలమనాలి. ఒక కాయ విరిచి లోపల చూడండి, నల్లటి, బూడిద రంగు బూజు ఉంటే ఆ బస్తా వద్దు. చేతికి నూనె జిడ్డు అంటితే మెరుపు కోసం పూసినట్టే. ఘాటు కావాలంటే తేజ రకం, మధ్యస్థంగా అయితే గుంటూరు సన్నం, రంగు కోసం కర్ణాటక బ్యాడిగి. మూడు పాళ్లు సన్నానికి ఒక పాలు బ్యాడిగి కలిపితే పులుసు రంగు బాగుంటుంది. తొడిమలు ఉన్న కాయలే కొని, మరకు పట్టించే ముందే తొడిమలు తీయండి.

పండుమిరప పచ్చడికైతే తొడిమతోనే కడిగి, తడి పూర్తిగా ఆరాకే తొడిమ తీయాలి. లేకుంటే నీరు కాయలోకి దిగి పచ్చడి చెడుతుంది.

పొడి కొనక తప్పకపోతే గ్లాసు నీళ్లపై చెంచాడు చల్లండి. రంగు చారలుగా దిగితే కృత్రిమ రంగు కలిపినట్టు. అడుగున గరుకు మట్టి చేరితే ఇటుక పొడి అని అనుమానించాలి.

రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, కాయ గలగలమన్నాకే మరకు తీసుకెళ్లండి.