హెబ్బగోడి స్థలానికి అడ్వాన్సు, ఈథర్‌కు కాల్ ఆప్షన్

హెబ్బగోడి: హోసూరు రహదారి వెంట పసుపు మార్గపు మెట్రో రైలు 2025 ఆగస్టులో నడక ప్రారంభించినది. ఆ మార్గం పనులు సాగుతున్న సంవత్సరాలలో ఆనేకల్ తాలూకా ప్రజలకు ఒక లెక్క బాగా తెలిసివచ్చినది. నలభై లక్షల రూపాయల స్థలానికి లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువు వ్రాయించుకొన్న వ్యక్తిని ఊహించుకొందాం. ధర నలభై ఐదు లక్షలకు చేరితే అతనికి ఐదు లక్షల లాభం. ధర పడిపోతే అడ్వాన్సు వదులుకొని తన దారిన తాను పోతాడు. కాల్ ఆప్షన్ అనునది దాదాపు ఇదే. అయితే ఒక భేదం కలదు. స్థలపు అగ్రిమెంటు చట్టరీత్యా ఇరువురినీ బంధిస్తుంది. ఆప్షన్ మాత్రం అమ్మినవానిని మాత్రమే బంధిస్తుంది, కొన్నవానికి అది హక్కే తప్ప బాధ్యత కాదు.

ఎలక్ట్రానిక్ సిటీకి, బొమ్మసంద్ర పారిశ్రామికవాడకు నడుమనున్న ఈ పట్టణంలో రాయలసీమ జిల్లాల నుండి వచ్చి అద్దె గదులలో, పీజీలలో నివసించే యువకులు అనేకులు. వీరి చేతి ఫోన్లలో ఇప్పుడు క్రిప్టో ఆప్షన్ల మాట వినవస్తున్నది. కనుక దాని లోగుట్టు తెలిసికొనుట అవసరం.

ముందుగా లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకై తీసికొన్న అంకెలు మాత్రమే. ఒక ఈథర్ ధర 2,000 డాలర్లు. నెల గడువులో దానిని 2,200 డాలర్లకు కొనే హక్కును 60 డాలర్లు చెల్లించి ఒకరు కొన్నారు. ఈ 2,200 స్ట్రైక్ ధర, ఆ 60 ప్రీమియం. గడువునాటికి ఈథర్ 2,500 అయితే కొన్నవానికి 300 రావలెను, ప్రీమియం పోగా మిగులు 240. ధర 2,230 వద్ద ఆగితే వచ్చేది 30, పోయినది 60, అనగా ధర పెరిగినా 30 డాలర్ల నష్టమే. అసలు లాభం 2,260 దాటిన తరువాతనే మొదలవుతుంది. 2,200 లోపే ఉండిపోతే 60 డాలర్లూ పోయినట్లే. ధర పెరుగుతుందని సరిగానే ఊహించినవారు సైతం డబ్బు పోగొట్టుకొనేది ఇక్కడనే. పెరిగితే చాలదు, గడువులోగా, తగినంత పెరగవలెను.

ఇక వికేంద్రీకృత వేదిక మాట. షేర్ల బజారులో కొన్నవానికీ అమ్మినవానికీ మధ్య ఎక్స్ఛేంజీ, బ్రోకరు ఉంటారు. ఇక్కడ ఆ స్థానంలో స్మార్ట్ కాంట్రాక్టు ఉంటుంది. ఇది 2015లో మొదలైన ఎథీరియం వంటి గొలుసుపై వ్రాసిపెట్టిన ప్రోగ్రాము. మొదట భారతీయ ఎక్స్ఛేంజీలో ఈథర్‌నో, డాలరుతో సమాన విలువ గల యూఎస్‌డీసీ నాణేన్నో కొని, మెటామాస్క్ వంటి సొంత వాలెట్‌లోనికి పంపుకోవలెను. ఆ వాలెట్‌ను వేదికకు కలిపి, స్ట్రైకునూ గడువునూ ఎంచుకొని, ప్రీమియం చెల్లిస్తే ఆప్షన్ టోకెను రూపంలో చేతికి వస్తుంది. ప్రతి లావాదేవీకీ గ్యాస్ అనబడే రుసుము వేరు. రద్దీ సమయాలలో ఎథీరియంపై ఈ రుసుము చిన్న ప్రీమియాన్ని మించిపోవుట కద్దు. అందువలననే ఆర్బిట్రం, ఆప్టిమిజం వంటి చౌక గొలుసులపైకి అనేక వేదికలు తరలినవి.

గడువునాటి ధరను ఎవరు చెబుతారు? కాంట్రాక్టుకు బయటి ప్రపంచం కనబడదు. చెయిన్‌లింక్ వంటి ఒరాకిల్ సేవలు ధరను తెచ్చి అందిస్తాయి. ఉదాహరణకు ఓపిన్ సంస్థ రెండవ రూపంలో ఆప్షన్లు గడువు దినాన మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1.30కు ముగిసేవి. ఈథర్ చేతులు మారనక్కరలేదు, తేడా సొమ్ము మాత్రమే దక్కేది.

అమ్మేవాని సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది. అమ్మదలచినవాడు తన ఒక ఈథర్‌ను కాంట్రాక్టులో తాకట్టుగా ఉంచి, 60 డాలర్ల ప్రీమియం పుచ్చుకొంటాడు. దీనిని కొందరు ఊరికే వచ్చే ఇంటి అద్దెతో పోల్చి చెబుతున్నారు. ఈ పోలిక పొసగదు. అద్దెకిచ్చిన ఇల్లు ధర పెరిగినా యజమానిదే. ఇక్కడ ధర 2,500 అయితే తాకట్టులో నుండి 300 డాలర్ల విలువ, అనగా 0.12 ఈథర్, కొన్నవానికి పోతుంది. అమ్మినవానికి ప్రీమియంతో కలిపి 2,260 మాత్రమే మిగులుతుంది. ధర 5,000 అయినా అంతే. మరి ధర 1,400కు పడితే? గడువు తీరే వరకు తాకట్టు కదలదు. చేతిలో 1,460 ఉంటుంది, 540 డాలర్లు నష్టం. పెరుగుదలకు పైకప్పు ఉన్నది, పతనానికి అడుగు నేల లేదు.

ప్రోగ్రాములోనే దోషమున్నచో ఇరువురూ నష్టపోతారు. 2020 ఏప్రిల్‌లో హెజిక్ అనే వేదికలో ఒక పేరులో దొర్లిన అక్షరదోషం వలన, గడువు తీరిన ఆప్షన్ల వెనుకనున్న సుమారు 28 వేల డాలర్లు కాంట్రాక్టులోనే శాశ్వతంగా చిక్కుకొన్నవి. వేదికను నిర్మించిన వ్యక్తి సొంత సొమ్ముతో నష్టం భరిస్తానని ప్రకటించినందున వినియోగదారులు ఊపిరి పీల్చుకొన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఓపిన్ మొదటి రూపంలోని పుట్ ఆప్షన్లలో, ఒకే ఈథర్‌ను రెండుసార్లు లెక్కింపజేయగల లొసుగును ఆగంతకులు పట్టుకొని 3 లక్షల 70 వేల డాలర్లకు పైగా కాజేసినారు. తరువాత 2023 సెప్టెంబరులో అమెరికా డెరివేటివ్ల నియంత్రణ సంస్థ ఓపిన్‌కు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా విధించినది. వేదిక వికేంద్రీకృతమైనంత మాత్రాన చట్టం వర్తించకపోదు.

మన దేశంలో సెబీ నియంత్రణలోనున్న షేర్ల ఆప్షన్లు, ఫ్యూచర్లలోనే 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో నూటికి 93 మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయినట్లు ఆ సంస్థ అధ్యయనమే తేల్చినది. అక్కడ ఫిర్యాదు చేయుటకు ఒక చిరునామా అయినా కలదు. ఇక్కడ వాలెట్ పన్నెండు పదాల రహస్యం పరుల చేతిలో పడినచో తిరిగి రాబట్టగల అధికారి ఎవరూ లేరు. ‘ఆప్షన్ నేర్పుతాము, పదాలు పంపండి’ అనేవారు నిశ్చయంగా దొంగలే.

పన్ను విషయంలో 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో ఆస్తుల బదిలీ లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు అమలులోనికి వచ్చినవి. ఒక నాణెంపై వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకొనుటకు వీలులేదు. అదే సంవత్సరం జూలై నుండి బదిలీ విలువపై ఒక శాతం మూలంలో కోత మొదలైనది. ఈథర్‌ను యూఎస్‌డీసీగా మార్చుట కూడా బదిలీయే. వికేంద్రీకృత వేదిక ఎవరికీ సంవత్సరాంతపు లెక్కల కాగితం పంపదు కనుక, ప్రతి లావాదేవీ తేదీనీ, ఆనాటి రూపాయి విలువనూ, చెల్లించిన గ్యాస్‌నూ ఎవరికివారే ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోవలసి ఉంటుంది.