రికార్డింగ్ సరే... చూసేదెలా?

డీడీ యాదగిరిలో నాన్నకి నచ్చిన కార్యక్రమం. అదే సమయానికి డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్. ఇంట్లో టీవీ ఒక్కటే! ఇలాంటి గొడవలకి లినక్స్ ప్రియులు కనిపెట్టిన మందు సొంత రికార్డర్. మూలన పడేసిన పాత కంప్యూటర్లో ట్యూనర్ కార్డు పెట్టి, లినక్స్ ఎక్కిస్తే సరి. 1999లో అమెరికాలో వచ్చిన టీవో రికార్డర్ నడిచిందీ లినక్స్ మీదే.

డబ్బు కట్టి చూసే డీటీహెచ్ చానళ్ల ప్రసారాలకు తాళం ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్‌లో చాలా చానళ్లకు ఆ బెడద లేదు. కాబట్టి రికార్డింగ్ తేలికే. అసలు చిక్కు దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో చూడాలన్నదే.

ఐజాక్ రిచర్డ్స్ 2002లో మొదలుపెట్టిన మిత్‌టీవీ రికార్డు చేస్తుంది, చూపిస్తుంది కూడా. ప్రకటనలు ఎక్కడున్నాయో గుర్తించి దాటేయగలదు, ఒక్కోసారి పొరబడినా! కాకపోతే దాన్ని అమర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

ఎక్స్‌బాక్స్ కోసం పుట్టి, 2014లో పేరు మార్చుకున్నది కోడి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఫొటోలూ పాటలూ కూడా అందులోనే. అయితే తనంతట తాను రికార్డు చేయలేదు. వెనకాల మిత్‌టీవీయో, టీవీహెడ్‌ఎండో ఉండాలి.

ఇక వీఎల్‌సీ. దాదాపు ఏ ఫైలునైనా ఆడిస్తుంది. కానీ సోఫాలో కూర్చుని రిమోట్‌తో జాబితా తిరగేయడానికి అంత అనువు కాదు.

ఎంచుకునే ముందు మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, పరుగెత్తే ఆటగాడి అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయా? అయితే 'డీఇంటర్లేసింగ్' అమరిక మార్చాలి. రెండు, ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు మాటా బొమ్మా కలిసే వస్తున్నాయా? మూడోదే ముఖ్యం... రిమోట్ అమ్మమ్మ చేతికివ్వండి. ఎవర్నీ అడక్కుండా నిన్నటి కార్యక్రమం పెట్టుకోగలిగితే మీ ఎంపిక నెగ్గినట్టే!

ఒక్క జాగ్రత్త. మిత్‌టీవీ వీడియోలను మామూలు ఫైళ్లుగానే దాస్తుంది. వేరే ప్లేయర్లలోనూ చూడొచ్చు. కానీ కార్యక్రమాల పేర్లన్నీ ఉండేది డేటాబేస్‌లో. అది చెడితే మిగిలేవి చానల్ నంబరూ, తేదీలతో ఉన్న ఫైళ్లే. అందులో పాపాయి పాల్గొన్న బాలల కార్యక్రమం ఏదో ఎలా వెతుకుతారు? అందుకే వీడియోలతో పాటు డేటాబేస్‌కీ మరో డిస్కులో నకలు ఉంచుకోండి. ప్లేయర్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. పోయిన రికార్డింగ్ మళ్లీ రాదు!