హెచ్చరిక సంకేతము: సెన్సరు దోషమా, తీగ దోషమా?

పైరు పసుపెక్కగానే ఎరువు చల్లము. వేరున నీరు నిలిచెనేమో మొదట చూతుము. కారునందు ఇంజను దీపము వెలిగినప్పుడును అట్లే చేయవలెను. స్కానరు చూపు సంకేతము దోషమున్న మార్గమును దెలుపునే గాని, చెడిన వస్తువును దెలుపదు.

పీ0118 అను సంకేతమును గైకొందము. ఇంజనును చల్లార్చు నీటి వేడిని కొలుచు సెన్సరు మార్గమున వోల్టేజి మితిమీరెనని దీని యర్థము. సెన్సరు చెడినను, తీగ తెగినను, ప్లగ్గు వదులైనను ఇదియే వచ్చును. అప్పుడు స్కానరు సాధారణముగా సున్నకు దిగువ 40 డిగ్రీలు చూపును. మన యెండలలో అంత చలి యెక్కడిది?

ముందుగా తీగను ఎలుక కొరికెనా, ప్లగ్గునకు చిలుము పట్టెనా యని చూడుడు. అవి బాగున్నచో, ఇంజను నాపి, సెన్సరు ప్లగ్గు నూడదీసి, తీగలవైపు నున్న రెండు కొనలను చిన్న తీగతో కలిపి, ఇంజను నడపకయే తాళము త్రిప్పి స్కానరు చూడవలెను. అంకె ఒక్కసారిగా మిక్కిలి పైకి పోయినచో తీగలు మంచివే, సెన్సరును మార్పవచ్చును. కదలనిచో దోషము తీగలందో, కంప్యూటరునందో గలదు. క్రొత్త సెన్సరు కొనుట వృథా.

ఈ దోషము తీరువరకు వేడి ముల్లును నమ్మరాదు. నీరు తరిగి ఇంజను కాగినను అది తెలుపకపోవచ్చును. కనుక పరీక్షను వాయిదా వేయకుడు.